ఛాతీకి బ్యాండేజీ చుట్టుకుని కాస్‌ప్లే చేయాలా?

కావలి దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చి, నెల్లూరులో ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న 25 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. గుర్తుపట్టే వివరాలు తీసేసి ముఖ్యమైనవి మాత్రం ఇస్తున్నాను.

ఈమెకు చిన్నప్పటి నుంచి యానిమే, అంటే జపాన్ కార్టూన్ కథలు, అంటే ప్రాణం. అందులోనూ నరుటో అనే సిరీస్‌లో వచ్చే త్సునాడే అంటే మరీను. త్సునాడే ఊరిని ఏలే అయిదో హొకాగే, ఎంతటి గాయాన్నయినా మాన్పగల వైద్యురాలు. "నేను నర్సింగ్‌లో చేరడానికి సగం కారణం ఆమే" అని రాసింది. ఆ పాత్రలా తయారై (దాన్నే కాస్‌ప్లే అంటారు) చెన్నైలో జరిగే కామిక్స్, యానిమే అభిమానుల మేళా కామిక్ కాన్‌కు వెళ్లాలని కోరిక. స్టోన్‌హౌస్‌పేటలో తనకు ఎప్పుడూ జాకెట్లు కుట్టే టైలరక్కకు బొమ్మ చూపించి డ్రెస్ కుట్టమంది. గుడ్డకూ కుట్టుకూలికీ కలిపి 7,500 రూపాయలు అయ్యాయి. ఆ అక్క మాత్రం ఈమెతో ఒక్క మాటైనా అనకుండా చుట్టూ రెండంగుళాలు వదులు పెట్టి, మెడ పైదాకా మూసేసి కుట్టింది. వేసుకుంటే నైటీలా ఉంది. నడుము దగ్గర లాగి కడితే ముందు భాగం విచ్చుకుపోతోంది. చివరికి ఛాతీకి క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టి, పైన డ్రెస్ వేసుకుని హాస్టల్ గదిలో ఫోటో దిగింది. అరగంటకే ఊపిరి ఆడలేదు.

ఆ ఫోటో ఇన్‌స్టాలో పెడితే విగ్గు గురించి గానీ, కష్టపడి దిద్దుకున్న నుదుటి గుర్తు గురించి గానీ ఒక్కరూ మాట్లాడలేదు. అన్నీ ఛాతీ మీద కామెంట్లే. ఎవరో ఫోటోను కత్తిరించి ఆ భాగం మాత్రమే వేరే అకౌంట్‌లో పెట్టారు. అది మేనత్త కొడుకు కంటబడి, మేనత్తకు, అక్కడి నుంచి అమ్మకు చేరింది. అమ్మ ఫోన్లో ఏడ్చింది. "ఒంగోలు సంబంధం వాళ్లు చూస్తే ఏం చెప్పాలమ్మే? చున్నీ సరిగ్గా వేసుకోమని ఎనిమిదో తరగతి నుంచీ మొత్తుకుంటానే ఉండాను" అంది. ఈమె అకౌంటే తీసేసింది.

"అక్కా, సన్నగా ఉండే అమ్మాయిలు ఏ పాత్ర వేసినా ముచ్చటగా ఉందంటారు. నేను వేస్తే చూపించుకోవడానికి వేసినట్టు ఉంటుందట. బ్యాండేజీ ఇంకా గట్టిగా కట్టుకుని వెళ్లనా? ఒళ్లంతా కప్పే వేరే పాత్ర చూసుకోనా? లేక ఇదంతా నాలాంటి ఒళ్లున్న వాళ్లకు కాదని వదిలేయనా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మాయీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఆ బ్యాండేజీ సంగతి. ఎన్ని దారులు చెప్పినా ఇది మాత్రం వాటిలో ఉండదు. క్రేప్ బ్యాండేజీ నీకు నాకంటే బాగా తెలుసు. బెణికిన చీలమండకు చుట్టినప్పుడే వేళ్లు చల్లబడుతున్నాయేమో, రంగు మారుతున్నాయేమో చూసుకుంటూ ఉంటారు మీరు. అలాంటిది పక్కటెముకల చుట్టూ బిగిస్తే ప్రతి శ్వాసనూ అది నొక్కుతుంది. గంటల తరబడి ఉంచితే ఎముకలకూ కండరాలకూ దెబ్బ. జనం నిండిన హాల్లో, విగ్గు కింద చెమటలు కారుతూ, ఊపిరి అందక నువ్వు పడిపోతే చుట్టూ ఉన్నవాళ్లకు కారణం కూడా అర్థం కాదు. ఛాతీ తక్కువగా కనపడాలని ఎవరైనా అనుకుంటే అందుకోసమే తయారుచేసిన లోదుస్తులు వేరే ఉన్నాయి. వాటినీ కొన్ని గంటలకు మించి వేసుకోకూడదు. ఇంతకీ త్సునాడే ఛాతీ దాచుకునే మనిషి కాదు కదా. దాచి ఆమెలా కనపడాలని చూడటమే ఇక్కడ కుదరని పని.

నీ ఉత్తరం చదివాక నాకు అనిపించింది ఇది. కుట్టు సరిగ్గా కుదరకపోవడం ఒకటి, అమ్మ భయం ఒకటి, ఫోటో దొంగిలించిన వాడు చేసిన పని ఒకటి. మూడూ వేర్వేరు సంగతులు. మూడింటికీ నువ్వు ఒకే కారణం రాసుకున్నావు, నా ఒళ్లు అని. అందుకే ఏ ఒక్కదానికీ దారి కనపడటం లేదు. కుట్టు నేర్పే పని నాది కాబట్టి డ్రెస్‌తోనే మొదలుపెడతాను.

యానిమే బొమ్మలో గుడ్డ అనేది నిజంగా ఉండదు. గీసేవాళ్లు రంగును ఒంటికి అంటించినట్టు గీస్తారు. ఛాతీ రెండు వైపులా విడివిడిగా గుడ్డ హత్తుకున్నట్టు ఉంటుంది, ఒక్క ముడత ఉండదు, బరువు ఉండదు. నిజం గుడ్డ అలా ఉండదు. ఛాతీ ఎత్తున్న చోటు నుంచి నేరుగా కిందికి జారుతుంది. అందుకే వదులుగా కుడితే గుడారంలా లేస్తుంది, లాగి కడితే మధ్యలో విచ్చుకుంటుంది. ఇది నీ ఒక్కదానికే వచ్చిన ఇబ్బంది కాదు. బజారులో దొరికే కాగితపు పాటర్న్‌లలో చాలావరకు బి కప్పు కొలతకే గీసినవి. అంతకంటే నిండైన ఛాతీకి ఏ పాటర్న్ అయినా ముందు భాగాన్ని మార్చి కోయాల్సిందే. ఆన్‌లైన్‌లో అమ్మే రెడీమేడ్ కాస్‌ప్లే డ్రెస్సులైతే ఛాతీ కొలత చూసి ఆర్డర్ ఇస్తే భుజాలు మోచేతి దాకా జారతాయి. దేశదేశాల్లో నిండైన ఒళ్లున్న కాస్‌ప్లేయర్లు చేసే పని ఒకటే. భుజానికి సరిపోయే కొలతతో మొదలుపెట్టి, ఛాతీ దగ్గర మాత్రం చోటు కల్పిస్తారు.

ఈ పని మన టైలర్లకు రాక కాదు. కటోరీ జాకెట్టు అంటే అదే కదా! ప్రిన్సెస్ కట్ అన్నా అదే. పండక్కి ఆ అక్క కుట్టిన జాకెట్టు నీకు అతికినట్టు సరిపోయిందని నువ్వే రాశావు. అంటే నీ ఒళ్లు ఆమె చేతికి తెలుసు. ఈ డ్రెస్ కుట్టేటప్పుడు ఆ చేతిపని పక్కన పెట్టి మొహమాటంతో కుట్టింది. అలా చెప్పాపెట్టకుండా మార్చడం తప్పే. డబ్బులిచ్చిన మనిషికి తన బట్ట ఎలా ఉండాలో చెప్పే హక్కు ఉంటుంది. అయితే ఆమెతో గొడవ పడి వేరే టైలర్‌ను వెతుక్కోవడం కన్నా, ఆ జాకెట్టునే ఆదిగా ఇచ్చి మళ్లీ కూర్చోబెట్టడం నయం అని నా ఉద్దేశం. చెప్పాల్సినవి ఇవి.

త్సునాడే పైబట్ట బూడిద రంగుది, చేతులు లేనిది, కిమోనోలా ఒక అంచు మీద ఇంకో అంచు వచ్చేది. ఆ అడ్డ అంచులే నిండైన ఛాతీ మీద నిలబడవు. కాబట్టి లోపల హుక్కులతో కటోరీ జాకెట్టులాంటి లైనింగ్ కుట్టించు. బరువంతా దాని మీద ఉంటుంది. పైన కనపడే రెండు అంచులనూ దానికే కుట్టేసి, కలిసే చోట లోపలి వైపు టిచ్ బటన్లు పెట్టించు. ఇక నువ్వు వంగినా చేతులెత్తినా మెడ అక్కడే ఉంటుంది. మెడ ఎంత లోతు అనేది నీ ఇష్టం. బొమ్మలో ఉన్నంత లోతు కావాలనుకుంటే ఒంటి రంగు నెట్ గుడ్డ లోపల వేయించుకోవచ్చు, దూరానికి చర్మంలాగే ఉంటుంది. రెండు వైపులా అంటుకునే ఫ్యాషన్ టేపును మాత్రం నమ్ముకోకు. చెమట పట్టగానే ఊడిపోతుంది. చెన్నై గాలి సంగతి నెల్లూరు పిల్లకు నేను చెప్పాలా!

నడుము పట్టీ ఇంకో చిక్కు. అది వెడల్పుగా, ముదురు నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది. క్యాన్వాస్ వేసి గట్టిగా కుడతారు. పై అంచు ఛాతీ కిందికి తగిలితే పైకి నెడుతుంది, కూర్చుంటే గుచ్చుకుంటుంది. పై అంచును కొద్దిగా వంపుగా కోసి, ఛాతీ కింద రెండు వేళ్లు కిందికి దింపించు. జపాన్‌లో అసలైన కిమోనో కట్టేటప్పుడు నడుముకు తువ్వాళ్లు చుట్టి, ఛాతీకీ నడుముకూ తేడా తగ్గిస్తారు. నువ్వు కూడా పలచటి తువ్వాలు ఒకటి మడిచి పట్టీ కింద పెట్టి చూడు. పట్టీ జారదు, ముందు గుడ్డ ముడతలు కూడా తగ్గుతాయి. పైన వేసుకునే ఆకుపచ్చ హవొరి, అంటే జపాన్ వాళ్ల పైకోటు, మూయకుండా వదిలేస్తే రెండు నిలువు గీతలు కింది దాకా పడి అందంగా ఉంటుంది. దానికి శాటిన్ వద్దు. మెరుస్తుంది, ప్రతి ముడతా ఫోటోలో కనపడుతుంది. చీరాల కాటన్‌లో కాస్త దళసరిది తీసుకుంటే చక్కగా వాలుతుంది. వెనకాల ఎర్రటి గుండ్రంలో ఉండే జపాన్ లిపి (కాంజీ) అక్షరాన్ని అద్దకం కన్నా అతుకు గుడ్డతో కుట్టించడం మేలు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది లోదుస్తు కొలత. 38 బి వేసుకుంటున్నానని, భుజాల మీద పట్టీలు కోసుకుపోతున్నాయని రాశావు. ఛాతీ కింద 34, ఛాతీ మీద 40 అని కూడా నువ్వే ఇచ్చావు. కింది కొలత పట్టీకి, రెంటి మధ్య తేడా కప్పుకు. అంగుళానికి ఒక కప్పు చొప్పున లెక్కేస్తే ఆరంగుళాల తేడాకు వచ్చేది 34లో ఇ గానీ ఎఫ్ గానీ, కంపెనీని బట్టి అక్షరం మారుతుంది. బరువు మోయాల్సింది ఎక్కువగా కింది పట్టీ. అది వదులైతే భారమంతా భుజాల మీద పడుతుంది, మెడ నొప్పి మొదలవుతుంది, మనిషి తెలియకుండానే ముందుకు వంగుతుంది. మన దగ్గర చాలామంది ఆడవాళ్లు జీవితమంతా ఇలాగే తప్పు కొలతలో గడిపేస్తారు. పెద్ద కప్పు అడగడానికి సిగ్గుపడి పెద్ద పట్టీ కొంటారు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. కాస్‌ప్లే ఉన్నా లేకపోయినా ఈ ఒక్కటీ మార్చుకో. ట్రంకు రోడ్డు షాపుల్లో నీ సైజు లేకపోతే ఆన్‌లైన్‌లో రెండు మూడు తెప్పించి, సరిపోనివి వెనక్కి పంపు. అది వేసుకున్నాకే టైలరక్కకు కొలతలివ్వు. ముందు పాత లైనింగ్ గుడ్డతో నమూనా కుట్టించుకుని, కూర్చుని, వంగి, చేతులు పైకెత్తి చూసుకున్నాకే అసలు గుడ్డ కోయించు.

ఇది ఒక దారి. త్సునాడేను త్సునాడేలాగే, నీ ఒంటికి కొలిచి కట్టడం. ఇలా చేస్తే నువ్వు కోరుకున్నది దొరుకుతుంది. చూపులు మాత్రం ఆగవు. డ్రెస్ ఎంత బాగా కుట్టినా నోరు పారేసుకునేవాడు పారేసుకుంటాడు. ఆ రోజుకు నువ్వు దానికి సిద్ధంగా ఉన్నావా లేదా అనేది నీకే తెలుస్తుంది.

రెండో దారి, పాత్రను మన బట్టల్లోకి తేవడం. బూడిద రంగు నేత చీర, నీలం పట్టీ బదులు వడ్డాణం, పైన ఆకుపచ్చ హవొరి, రెండు జడలు, నుదుట ఊదా రంగు వజ్రం గుర్తు. కాస్‌ప్లే చేసేవాళ్లలో ఇలా సొంత రూపం ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. వెంకటగిరి చీర మీద హవొరి ఎంత బాగుంటుందో తలచుకుంటేనే ముచ్చటేస్తోంది. అమ్మకు కూడా కాస్త ఊరట. కానీ పోటీలో నిలబడితే బొమ్మకు ఎంత దగ్గరగా ఉందో చూసే జడ్జీల దగ్గర మార్కులు తగ్గవచ్చు. ఇంకో మాట. ఇష్టపడి చీర కడితే అది నీ త్సునాడే అవుతుంది. భయపడి కడితే ఆ రోజంతా వేయని డ్రెస్ గురించే ఆలోచిస్తూ ఉంటావు. ఏది నీ కారణమో నిజాయితీగా చూసుకో.

మూడోది నువ్వడిగిందే, ఒళ్లంతా కప్పే పాత్ర. అదే కథలో ఎర్ర మబ్బుల నల్లకోటు వేసుకునే కోనన్ ఉంది. కోటు వేసుకుంటే ఒంటి ఆకారం తక్కువే తెలుస్తుంది. అయినా అక్కడా కొలత బాధ తప్పదు. నేరుగా కోసిన కోటు ఛాతీ దగ్గర ఎత్తి ముందు పొట్టిగా, వెనక పొడుగ్గా వేలాడుతుంది. చంక నుంచి కట్ వేయించాల్సిందే. ఉక్క కూడా ఎక్కువ. పైగా ఆ పాత్ర మీద నీకు ప్రేమ లేదని నీ ఉత్తరమే చెబుతోంది. కోనన్ గురించి ఒక్క వాక్యం లేదు. త్సునాడే గురించి పేజీ నిండా రాశావు.

ఈ ఏడాదికి ఆపడం నాలుగోది. ఓడిపోయినట్టని ఎందుకనుకోవాలి? చెన్నైలో 2024లో మొదటిసారి కామిక్ కాన్ జరిగింది, హైదరాబాద్‌లో 2013 నుంచీ జరుగుతోంది. ఒక ఏడాది మామూలు కుర్తీలో వెళ్లి, అక్కడ నిండుగా ఉన్న అమ్మాయిలు ఏం వేసుకున్నారో, ఎలా నడుస్తున్నారో, జనం ఎలా మాట్లాడుతున్నారో చూసి రావచ్చు. మెల్లగా ధైర్యం వచ్చే మనిషివైతే ఇది మంచి దారి. కానీ వాయిదా వేసేకొద్దీ కోరిక చల్లారిపోయే మనిషివైతే, వెళ్లాక అక్కడున్నంతసేపూ కుర్తీలో నిలబడ్డందుకు బాధపడతావు.

ఇక అమ్మ. ఆమె మాటలు నిన్ను గుచ్చాయని తెలుసు. ఎనిమిదో తరగతి నుంచీ ఫైలు ఛాతీకి అడ్డం పెట్టుకుని నడిచానని రాశావు, అది చదివి నాకు గొంతు పట్టేసింది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది అలాగే భుజాలు ముడుచుకుని నిలబడతారు, కొలత తీయడానికి నిటారుగా నిలబడమంటే సిగ్గుపడతారు. అయినా అమ్మ మాటల్లో నాకు కనపడింది భయం. బజారులో నీకేమవుతుందో అని ఆమెకు తెలిసిన ఒకే ఒక్క కాపలా చున్నీ. అది పనిచేయదని ఆమెకూ ఎక్కడో తెలుసు. ఆమె కూడా చున్నీ వేసుకునే చూపులు భరించి ఉంటుంది కదా.

ఆమెకు చెప్పకుండా వెళితే గొడవ ఇప్పటికి తప్పుతుంది. రెండోసారి మేనత్త ద్వారా తెలిస్తే మాత్రం డ్రెస్ సంగతి పక్కకు పోయి, నమ్మకం పోయిందనే దగ్గర ఆగుతుంది. ముందే చెబితే వద్దంటుంది, బహుశా ఒకటి రెండు రోజులు మాట్లాడదు. నేనైతే చెప్పమనే అంటాను, ఫోన్లో మాత్రం వద్దు. ఇంటికి వెళ్లినప్పుడు త్సునాడే ఎవరో చెప్పు. అంత మందికి ప్రాణం పోసిన ఆవిడే తమ్ముణ్ణి, ప్రేమించిన మనిషిని కాపాడుకోలేక రక్తం చూస్తేనే వణికిపోయిన రోజులున్నాయని, ఆ భయం దాటుకుని మళ్లీ వైద్యం చేసిందని చెప్పు. నైట్ డ్యూటీల్లో నీకు అది ఎందుకు గుర్తొస్తుందో చెప్పు. మీ అమ్మ ఆ తరం మనిషి, పగటి వేషాలు చూసి పెరిగి ఉంటుంది. వేషం కట్టడం అంటే ఏమిటో ఆమెకు కొత్తగా వివరించక్కర్లేదు. ఒప్పుకుంటుందని హామీ ఇవ్వలేను. కానీ ఇంతవరకూ ఆమె చూసింది ఎవడో కత్తిరించిన ముక్కనే. పూర్తి బొమ్మ ఆమెకు ఇంకా ఎవరూ చూపించలేదు.

ఒంగోలు సంబంధం గురించి ఒక్క మాట. మాటలు ముందుకు సాగితే ఆ అబ్బాయికి ఇది నువ్వే చెప్పు, నీ ఫోన్లోని ఫోటోనే చూపించు. సంబంధం తప్పిపోవచ్చు. పెళ్లయ్యాక తెలిసి ఇంట్లో రోజూ మాట పడటం దానికన్నా కష్టం.

ఫోటో కత్తిరించి పెట్టినవాడి విషయంలో నువ్వు చేసిన తప్పేమీ లేదు. నువ్వు అకౌంట్ తీసేశావు, వాడిది అలాగే ఉంది. ఇది నాకు కోపం తెప్పిస్తోంది. ఆ పోస్టు ఇంకా ఉంటే అకౌంట్ పేరు, లింకు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టు. ఆ తర్వాతే రిపోర్ట్ కొట్టు, బ్లాక్ చెయ్యి. ముందే బ్లాక్ చేస్తే ఆధారం నీ చేతిలో ఉండదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లకు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులు పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. ఫోన్ నంబరు 1930. మహిళల హెల్ప్‌లైన్ 181. లైంగిక వ్యాఖ్యలు చేయడం భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద నేరమే. పేరుతో ఫిర్యాదు ఇస్తే స్టేషన్‌కు పిలవవచ్చు, ఇంట్లో తెలుస్తుంది. పేరు లేకుండా ఇస్తే ఆ టెన్షన్ ఉండదు, కానీ కేసు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడం కష్టం. ఇప్పటికే ఇంట్లో తెలిసింది కాబట్టి అమ్మ పక్కనుండగా ఇవ్వడం గురించి ఆలోచించు. తన కూతురు తప్పు చేయలేదని ఆమెకు అర్థమయ్యే చోటు అదే కావచ్చు.

కామిక్ కాన్ రోజుకు కొన్ని జాగ్రత్తలు. రైల్లో మామూలు బట్టల్లో వెళ్లి అక్కడే మార్చుకో. ఒక స్నేహితురాలు పూర్తిగా నీతోనే ఉండాలి, విగ్గు సర్దడానికీ, ఎవరైనా మీద పడుతుంటే అడ్డం నిలబడటానికీ. న్యూయార్క్ కామిక్ కాన్‌లో 2014లో, కాస్‌ప్లే చేసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని పెద్ద బోర్డులే పెట్టారు. అడగకుండా ఫోటో తీయడం, తాకడం అక్కడ ఎవరూ హక్కుగా అనుకోకూడదు. అడిగినవాళ్లకు నీకు నచ్చిన పోజే ఇవ్వు, కింది నుంచి తీయబోతే వద్దను, వినకపోతే వాలంటీర్‌ను పిలువు. ఫోటోలు మళ్లీ ఆన్‌లైన్‌లో పెట్టాలనుకుంటే కామెంట్లు తెలిసినవాళ్లకే పరిమితం చేసి మొదలుపెట్టు.

నువ్వు ఏ దారి ఎంచుకున్నా మొదటి రెండు పనులూ అవే, లోదుస్తు కొలత, టైలరక్కతో మాట. ఆ పాత డ్రెస్‌ను పక్కన పడేయకు. చుట్టూ రెండంగుళాలు వదులుందంటే లోపల గుడ్డ మిగిలే ఉంది. విప్పి, ముందు భాగాలు మళ్లీ కోయిస్తే పైబట్ట అందులోనే వచ్చేస్తుంది, కొత్తగా కొనాల్సింది లైనింగూ టిచ్ బటన్లే. సంక్రాంతి జాకెట్లు వచ్చి పడితే ఆ అక్కకు తల ఎత్తే తీరిక ఉండదు, ఈ నెలలోనే వెళ్లు.